నేను రాసిన పదకొండో నిబంధన

యూనియన్‌లో పదవికి ఎవరు పోటీ చేయవచ్చు, ఎవరు చేయకూడదు అని తేల్చే నిబంధన ఒకటి నేనే రాశాను. మదనపల్లెలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పోయి, టైపు కొట్టే అమ్మాయి పక్కన నిలబడి, ఒక్కో మాటా చెప్పి రాయించాను. మా నియమావళిలో అది పదకొండోది. ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకొని ఇంటికి నడుస్తుంటే చాలా పెద్ద పని చేశానన్న గర్వం కలిగింది. పదేళ్ళు తిరిగేసరికి అదే నిబంధన వల్ల మూడు ఊళ్ళ జనం ముందు తల వంచుకొని నిలబడ్డాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరి, యూనియన్‌లో చేరాలా వద్దా అని ఆలోచిస్తున్న పిల్లలకు ఈ సంగతి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఇందులో నా గొప్పతనం తక్కువ. ఉన్న కాస్తా ఆలస్యంగా వచ్చింది.

నేను పట్టుదారం తీసే ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటర్‌గా పనిచేశాను. పట్టుగూళ్ళను ఉడుకునీళ్ళలో వేసి, ఒక్కో గూటి కొసా పట్టుకొని దారం లాగుతారు. ఆ పని చేసేది దాదాపు అందరూ ఆడవాళ్ళే. రోజంతా వేడినీళ్ళలో నాని వాళ్ళ వేళ్ళ కొనలు తెల్లగా పాలిపోయి ఉంటాయి. ఆ నీళ్ళకు కావలసిన ఆవిరి నా బాయిలర్ నుంచే పోయేది.

తొంభైల మొదట్లో కంపెనీకి మదనపల్లెలో ఒక్క ఫ్యాక్టరీయే ఉండేది. ఆ రోజుల్లో ఒక కాంట్రాక్టరు మా యూనియన్ మీద కన్నేశాడు. ఒక్క రోజు కూడా మిషను ముట్టినవాడు కాదు. గౌరవ సభ్యుడినంటూ చేరి, నెల తిరగకముందే అధ్యక్ష పదవికి నామినేషన్ వేశాడు. ఎన్నిక రోజు రెండు వ్యాన్ల నిండా మనుషులను తెచ్చి గేటు ముందు నిలబెట్టాడు. కొద్ది ఓట్లతో ఓడిపోయాడు గానీ, మాకు వారం రోజులు నిద్ర పట్టలేదు. మళ్ళీ ఇలాంటివాడు రాకూడదని కమిటీలో తీర్మానం చేశాం. నాకు కాస్త రాయడం వచ్చు కాబట్టి ఆ పని నాకు అప్పగించారు. చట్టం అడిగేది తక్కువే. పద్దెనిమిదేళ్ళు నిండి ఉండాలి, నీతిమాలిన నేరాల్లో శిక్ష పడి ఉండకూడదు. మిగతా అర్హతలు యూనియన్ తానే రాసుకోవచ్చు. నేను రాసింది ఇది: నామినేషన్‌కు ముందు రెండేళ్ళలో జరిగిన సర్వసభ్య సమావేశాల్లో కనీసం సగానికి హాజరు కానివారు ఏ పదవికీ పోటీ చేయడానికి అనర్హులు.

చదివి చూడండి, ఇప్పుడు కూడా తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు. సమావేశాలకు రానివాడు నాయకుడు ఎట్లా అవుతాడు? మా అధ్యక్షుడు నా భుజం తట్టి, నువ్వు బాయిలర్ దగ్గర ఉండాల్సినవాడివి కాదు, లాయరు కావాల్సినవాడివి అన్నాడు.

ఆ అధ్యక్షుడి గురించి కొంచెం చెప్పాలి. ఆయన నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. నేను అన్నా అని పిలిచేవాడిని. దారం చుట్టే సెక్షన్‌లో కూలీగా చేరి నాయకుడైన మనిషి. సమ్మె రోజుల్లో గేటు ముందు పడుకున్నాడు, పోలీసుల దెబ్బలు తిన్నాడు. ఒకసారి బాయిలర్‌లో నీటిమట్టం చూపే గాజు గొట్టం పగిలి మంట వేసే ఫైర్‌మన్ ఒకతని చెయ్యి కాలింది. తప్పు నాదేనని మేనేజరు నన్ను సస్పెండ్ చేశాడు. ఆ గొట్టం మార్చమని నేను రెండుసార్లు రాసిచ్చిన కాగితాలను వెతికించి, మేనేజరు బల్ల మీద పరిచి, మూడు వారాల్లో నన్ను మళ్ళీ పనిలోకి తెచ్చింది ఆయనే. ఆ మూడు వారాలు మా ఇంట్లో ఎట్లా గడిచాయో నాకు తెలుసు. అందుకే ఆయన ఏం చెప్పినా సరే అనేవాడిని. అది కృతజ్ఞత అనుకున్నాను. అందులో కొంత సోమరితనం కూడా ఉందని తర్వాత తెలిసింది.

తర్వాతి ఏళ్ళలో కంపెనీ పుంగనూరులో దారం పురిపెట్టే యూనిట్ ఒకటి, కుప్పంలో దారం తీసే యూనిట్ ఒకటి తెరిచింది. రెండు చోట్లా పనివాళ్ళు మా యూనియన్‌లోనే చేరారు. నియమావళిలో మాత్రం ఒక్క అక్షరం కూడా మారలేదు. సమావేశాలు మదనపల్లెలోనే జరిగేవి, ఎప్పటిలాగే ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు.

ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. కరెంటు కొరత వల్ల ఫ్యాక్టరీలకు వారానికి ఒక రోజు సరఫరా ఆపేవాళ్ళు. ఊరికొక రోజు. ఏ ఊళ్ళో ఏ రోజు కరెంటు లేదో ఆ రోజే అక్కడి పనివాళ్ళకు సెలవు. మదనపల్లెకు ఆదివారం, పుంగనూరుకు శుక్రవారం, కుప్పానికి బుధవారం. అంటే మేము సమావేశం పెట్టుకొని టీ తాగే వేళకు కుప్పంలో ఆడవాళ్ళు వేడినీళ్ళలో చేతులు పెట్టి ఉంటారు. కూలి పోగొట్టుకొని వద్దామన్నా పలమనేరు మీదుగా నాలుగు గంటల ప్రయాణం. సమావేశం ముగిశాక తిరిగి పోవడానికి బస్సు ఉండదు. ఇదంతా నాకు తెలుసు. కానీ తెలిసిన రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూడటం అన్నది ఆ రోజుల్లో నేను చేయలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఎన్నికలు వచ్చాయి. నేను సహాయ కార్యదర్శిని. ఈసారి నేను పోటీ చేయడం లేదు గనుక నన్నే ఎన్నికల అధికారిగా పెట్టారు. హాజరు పుస్తకం కూడా ఎప్పటినుంచో నా దగ్గరే ఉండేది. ప్రధాన కార్యదర్శి పదవికి కుప్పం నుంచి ఒక నామినేషన్ పోస్టులో వచ్చింది. వేసింది దారం తీసే ఒక ఆవిడ. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. అప్పటిదాకా నేను ఆమెను చూడలేదు గానీ చేతిరాత మాత్రం బాగా ఎరుగుదును. కుప్పంలో దారం తీసే గదిలో ఆవిరి బయటికి పోవడానికి ఫ్యాన్లు లేవని, ఎండాకాలంలో ఇద్దరు స్పృహ తప్పి పడిపోయారని, ఒకామె మొహం వేడినీళ్ళ బేసిన్ అంచుకు కొట్టుకుందని ఏడాదిన్నరలో ఆరు ఉత్తరాలు రాసింది ఆమే. ఆరింటినీ ఫైల్లో పెట్టింది నేనే. ఎజెండాలో చివరి అంశంగా రాసేవాళ్ళం. చివరి అంశం దాకా మా సమావేశం ఎన్నడూ పోలేదు.

నామినేషన్ల పరిశీలన బుధవారం పెట్టాను. ఆమె తొలి బస్సు ఎక్కి, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో పది గంటలకంతా యూనియన్ ఆఫీసుకు వచ్చింది. నేను కుర్చీలు చూపించి, పదకొండో నిబంధన చదివి వినిపించి, ఆమె ఒక్క సమావేశానికి కూడా రాలేదు కాబట్టి నామినేషన్ చెల్లదని చెప్పాను. ఆమె నొచ్చుకున్నట్టు కనిపించలేదు. నియమావళి పుస్తకం చేతికి తీసుకొని, నేను చదివిన ముక్కనే తానూ ఒకసారి మెల్లగా చదువుకుంది.

"ఇది ఎవురు రాసినారప్పా?" అని అడిగింది.

నేనేనని చెప్పాను. ఎందుకు రాయాల్సి వచ్చిందో, ఆ కాంట్రాక్టరు కథంతా చెప్పాను. కొంచెం గొప్పగానే చెప్పి ఉంటాను.

"ఆయప్ప ఇప్పుడు యాడుండాడు?"

ఊరు వదిలి చాలా ఏళ్ళయిందని చెప్పాను.

"ఆయప్ప పోయినాడు. ఆయప్పకు అడ్డం పెట్టిన కంప మాత్రం ఈడనే ఉండాది. అది మాకు గుచ్చుకుంటాంది" అంది.

తర్వాత హాజరు పుస్తకం చూపించమంది. ఏ సభ్యుడు అడిగినా చూపించాలని నియమావళిలోనే ఉంది. ఇచ్చాను. ఆమె ఒక్కో పేజీ తిప్పుతూ, ఒక చోట వేలు పెట్టి ఆగింది. తేదీ చూసింది. పక్కనున్న ఆడవాళ్ళకు చూపించింది. ఆ ఆదివారం కుప్పంలో అక్కడి మేనేజరు కూతురి పెళ్ళి. ఫ్యాక్టరీ నుంచి నలుగురు ఆడవాళ్ళను వడ్డనకు పిలిపించారట.

"మధ్యాన్నం రెండు గంటలకు మీ అధ్యక్షులవారి ఆకులో సాంబారు పోసింది నేనే. ఆ దినం నాలుగ్గంటలకు మదనపల్లెలో మీటింగులో ఉండాడని ఈడ సంతకం ఉండాది" అంది.

గొంతు పెంచలేదు. ఆ సంతకం ఎప్పుడు పడిందో నాకు తెలుసు. మరుసటి రోజు సోమవారం, నా బల్ల మీద, నా పెన్నుతో. ఒక్క ఆయనే కాదు, కమిటీలో ఇంకో ఇద్దరు కూడా ఖాళీలను అట్లాగే నింపేవాళ్ళు. అలవాటైపోయింది. అడగకముందే పుస్తకం తెరిచి ముందుకు జరిపేవాడిని.

నిజం చెప్పడానికి అదే సమయం. నేను చెప్పలేదు. ఆయన కారులో తొందరగా వచ్చేశారమ్మా అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. నామినేషన్ ఎందుకు చెల్లదో రాతమూలకంగా ఇమ్మంది. రాసి ఇచ్చాను.

నాలుగు వారాల తర్వాత మా కోశాధికారి పుంగనూరు నుంచి వచ్చాడు. పోయిన ఎన్నికల తర్వాత పురిపెట్టే యూనిట్‌కు బదిలీ అయి పోయినవాడు. నాకు పాత స్నేహితుడు, మాటలు పొదుపు. అతనితో కలిసి పదకొండో నిబంధన ప్రకారం ఎవరెవరు అర్హులో లెక్క తీశాను. నాలుగు వందల మందికి పైగా ఉన్న యూనియన్‌లో ఏడుగురు తేలారు. ఏడుగురూ మదనపల్లెవాళ్ళే. ఏడుగురూ అప్పటికే పదవుల్లో ఉన్నవాళ్ళే. తర్వాత నేను పెన్ను తీసి, సోమవారం పడిన సంతకాలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేస్తూ పోయాను. చివరికి నలుగురు మిగిలారు. ఆ నలుగురిలో అధ్యక్షుడు లేడు.

కోశాధికారి ఆ నాలుగు పేర్లు చూసి, "మనం గేటుకు తాళం ఏసినామని అనుకున్యాము. ఇంటికే ఏసుకున్యాము కదప్పా" అన్నాడు.

ఆమె ఏం చేస్తున్నదో అతనే చెప్పాడు. ప్రతి బుధవారం సెలవు రోజున కుప్పం నుంచి బస్సెక్కి పుంగనూరు యూనిట్ గేటు దగ్గర నిలబడుతోందట. సభ్యుల్లో అయిదో వంతు మంది సంతకాలు చేసి అడిగితే ప్రత్యేక సర్వసభ్య సమావేశం పెట్టాలని నియమావళిలో ఉంది. ఆ సంగతి మాలో చాలామందికి గుర్తే లేదు. ఆమె నియమావళి మొత్తం నకలు రాసి పెట్టుకుందట. మొదటి బుధవారం మగవాళ్ళు ఆమెను చూసి పక్కనుంచి పోయారు. ఈమెకు ఈడేం పని అని నవ్వినవాళ్ళు కూడా ఉన్నారు. రెండో వారం వాన. గేటు పక్క టీ అంగడి రేకు కింద నిలబడింది. తనకు ఓటేయమని ఎవరినీ అడగలేదు. మీరు మీటింగుకు పోయి ఎన్నాళ్ళయిందప్పా అని మాత్రమే అడిగేది. వాళ్ళకూ ఆదివారం పనిదినమే. మూడో వారం ఒక పెద్దాయన, తాను యూనియన్‌లో చేరినప్పటి నుంచి ఒక్క మీటింగు కూడా చూడలేదని గట్టిగా అని సంతకం పెట్టాడు. ఆయన వెనక పదిమంది పెట్టారు.

ఆరు వారాల్లో నూట ఇరవై దాకా సంతకాలు, వేలిముద్రలు తెచ్చి నా చేతికి ఇచ్చింది. అధ్యక్షుడు ఆ కాగితాలను చూసి నన్ను పక్కకు పిలిచాడు. వేలిముద్రలు చెల్లవని రాసి తిప్పి పంపించెయ్ అన్నాడు. అట్లా ఎక్కడా లేదన్నా, వేలిముద్ర వేసినవాళ్ళ దగ్గర మనం చందా తీసుకుంటున్నాం కదా అన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూశాడు. నేను కాదు అనడం అదే మొదటిసారి.

సమావేశానికి రోజు కుదర్చడం అన్నిటికన్నా కష్టమైంది. ఏ రోజు పెట్టినా ఎవరో ఒకరికి పనిదినం. మూడు ఊళ్ళలోనూ ఫ్యాక్టరీలు మూసే రోజు ఏడాదిలో ఒకటి ఉంది. మే డే. ఆ రోజు పుంగనూరులో, అందరికీ మధ్యన, ఒక కల్యాణ మంటపంలో సమావేశం అని నోటీసు రాశాను. మే డే రోజు కార్మికుల సమావేశం వద్దని ఏ నాయకుడూ అనలేడు కదా. అధ్యక్షుడు సంతకం పెట్టాడు. పెట్టి, "నువ్వు ఎవురి పక్కనుండావో తేల్చుకో" అన్నాడు.

నేను తేల్చుకోవడానికి మే డేకు మిగిలిన పదిహేను రోజులూ పట్టింది. మా ఇంటావిడకు చెప్పాను. ఆ మూడు వారాల సస్పెన్షన్‌లో ఆ అన్న చేసిన మేలు ఆమెకూ గుర్తుంది. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంతా వింది. చివరికి, ఆయప్ప నీకు చేసింది నిజం, నువ్వు ఆయమ్మకు చెప్పింది అబద్ధం, రెండూ కలిపి చూడాకు అంది.

మే డే రోజు పొద్దున్నే ఎండ మండిపోతోంది. కుప్పం నుంచి, వెంకటగిరికోట చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్ళు మామూలు బస్సుల్లోనే నిలబడి వచ్చారు. చాలామంది మిగతా యూనిట్లవాళ్ళను చూడటం అదే మొదటిసారి. పుంగనూరు మగవాళ్ళు కుప్పం ఆడవాళ్ళ చేతుల వైపు చూస్తూ, ఇట్లా ఎందుకు అయిందని అడుగుతున్నారు. జెండా ఎగరేశాం. రెండు వందల పైచిలుకు మంది చాపల మీద కూర్చున్నారు. మా సమావేశాలకు ముప్పై మంది వస్తే ఎక్కువ. ఆ రోజు మంటపం చూస్తే నాకు సంతోషం, భయం రెండూ కలిగాయి.

ఆమె లేచి తన ప్రతిపాదన చదివింది. పదకొండో నిబంధన తీసేసి దాని చోట కొత్తది పెట్టాలి. పోటీ చేసేవాళ్ళు ఏడాదిగా సభ్యులై, ఇప్పుడు ఏదో ఒక యూనిట్‌లో చేత్తో పని చేస్తూ ఉండాలి. సర్వసభ్య సమావేశాలు మూడు ఊళ్ళలో వంతులవారీగా జరగాలి, ఏ ఊళ్ళో జరిగితే ఆ ఊరి సెలవు రోజున. విన్నాక నాకు అనిపించింది, కాంట్రాక్టరును ఆపడానికి నేను రాసిన దానికన్నా ఇదే మంచి అడ్డం. చేత్తో పని చేయాలి అన్న ముక్క నాకెందుకు తట్టలేదో.

అధ్యక్షుడు బాగా మాట్లాడగలడు. ఆ రోజు కూడా బాగానే మాట్లాడాడు. బయటివాళ్ళు వ్యాన్లలో వచ్చిన సంగతి చెప్పాడు. సమావేశాలకు వచ్చేవాళ్ళకే యూనియన్ కష్టం తెలుస్తుందన్నాడు. జనంలో కొందరు తలలు ఊపారు. చివరికి, ఈ నిబంధన రాసిన మనిషి ఇక్కడే ఉన్నాడు, అది ఎంత అవసరమో ఆయన నోటితోనే వినండి అని నన్ను పిలిచాడు.

లేచాను. మైకు పట్టుకొని, ఆ నిబంధన ఎందుకు రాశానో మొదట చెప్పాను. తర్వాత, దాని ప్రకారం అర్హులు ఏడుగురేనని చెప్పాను. ఆ ఏడుగురిలో కూడా ముగ్గురి సంతకాలు సమావేశం అయ్యాక వేరే రోజు పడినవని, పుస్తకం తెరిచి సంతకాలు పెట్టించుకున్నది నేనేనని చెప్పాను. ఆ ముగ్గురిలో మన అధ్యక్షుడు ఒకరు అన్నాను. కుప్పం ఆవిడ పుస్తకంలో ఆ తప్పు చూపించినప్పుడు నేను అబద్ధం చెప్పి పంపించానని, ఇప్పుడు అందరి ముందు ఆమెకు క్షమాపణ చెబుతున్నానని అన్నాను.

అధ్యక్షుడు మెల్లగా లేచి నిలబడ్డాడు. మైకు అడగలేదు.

"బాయిలరు కాడ నీకోసరం నేను నిలబడిన దినం గుర్తుండాదా?" అన్నాడు.

"ఉండాది అన్నా. అందుకే ఇన్నాళ్ళూ నోరు తెరవలేదు" అన్నాను.

ఆయన జనం వైపు తిరిగి, సంతకం తర్వాత పెట్టిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు. ఊళ్ళు తిరిగే పని ఎక్కువై అట్లా చేశానన్నాడు. కండువా సర్దుకొని కిందికి దిగి, జనంలో ఒక చాప మీద కూర్చున్నాడు. ఆ మనిషిని నేను ఎన్నో పోరాటాల్లో చూశాను గానీ, నా కంటికి ఆ నిమిషంలో కనిపించినంత ఒంటరిగా ఎప్పుడూ కనిపించలేదు. దానికి కారణం నేనే.

నియమావళి మార్చాలంటే హాజరైనవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. నేను లెక్కపెట్టకూడదని నేనే చెప్పాను. కోశాధికారి చేతులు లెక్కపెట్టాడు. ఎవరో అనుమానం వెలిబుచ్చితే మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. రెండోసారి కూడా కావలసినదానికన్నా ఏడు చేతులు ఎక్కువే వచ్చాయి. తీర్మానం గెలిచింది. కుప్పం ఆడవాళ్ళు చప్పట్లు కొట్టలేదు. ఒకరినొకరు చూసుకొని, బస్సు టైము ఎంత అని అడగడం మొదలుపెట్టారు.

మారిన నిబంధనలను చిత్తూరులోని కార్మిక శాఖ ఆఫీసుకు పంపాం. అక్కడ నమోదై వచ్చాయి. జూన్‌లో జరగాల్సిన పోలింగు ఆగి, పాత నామినేషన్లు రద్దయ్యాయి. కొత్తగా ఎన్నికలు జరిగాయి. ఈసారి ప్రధాన కార్యదర్శి పదవికి అయిదుగురు నిలబడ్డారు. ఆ పదవికి ఒకరికి మించి పోటీ చేయడమే నేను అంతకుముందు చూడలేదు. ఆమె గెలిచింది. పాత అధ్యక్షుడు పోటీలోకి దిగలేదు.

ఇక్కడితో ఆపితే కథ నాకు అనుకూలంగా ఉంటుంది. కానీ ఇంకా ఉంది.

యూనియన్ రికార్డుల్లో తప్పుడు రాత రాసినవాళ్ళు మూడేళ్ళు ఏ పదవికీ పోటీ చేయకూడదని ఇంకో నిబంధన ఉంది. కొత్త కమిటీ మొదటి సమావేశంలోనే మా నలుగురి విషయం వచ్చింది. మిగతా ముగ్గురి సంగతి ఎట్లా ఉన్నా, నన్ను వదిలేస్తారని మనసులో గట్టిగా అనుకున్నాను. నిజం బయటపెట్టినవాడిని కదా. కొందరు సభ్యులు ఆ మాటే అన్నారట. వాళ్ళ మాట సాగలేదు. నలుగురికీ మూడేళ్ళ నిషేధం. కింద ప్రధాన కార్యదర్శి సంతకం.

ఆ కాగితం ఆమె పోస్టులో పంపలేదు. తానే కుప్పం నుంచి వచ్చి, బాయిలర్ గది దగ్గరికి తెచ్చి ఇచ్చింది. నేను చదివి మడిచాను. మొహం నల్లబడి ఉంటుంది.

"మీరు నిజం చెప్పినారు. దానికి మీకు దండం పెడతానప్పా. ఆ పుస్తకం తెరిచి సంతకాలు పెట్టనిచ్చింది గూడా మీరే కదా. రూలు అందరికీ ఒకటేనని చెప్పి గెలిచి వస్తిని. మొదటి దినమే మీకోసరం వంచితే, ఆ పొద్దు చాపల మీద కూర్చున్నోళ్ళకు ఏం చెప్పేది?" అంది.

నాకు కోపం వచ్చింది. దాచుకోవడం ఎందుకు, చాలా కోపం వచ్చింది. రెండు నెలలు ఆమెతో పలకలేదు. మెల్లగా ఆ కోపం ఎవరి మీదో తెలిసింది. నేను రాసిన నిబంధనకు ఇతరులు లోబడితే చాలని ఇన్నేళ్ళూ అనుకున్నాను. నాకు వర్తించేసరికి మినహాయింపు ఎక్కడ ఉందా అని వెతుక్కున్నాను. బాబూ, అమ్మా, మీరు రేపు ఎక్కడైనా ఒక నిబంధన రాయాల్సి వస్తే, రాసేముందు ఒక్క పని చేయండి. దానివల్ల ఎవరు ఆగిపోతారో వాళ్ళ ఊరికి ఒకసారి బస్సెక్కి పోయి రండి. నేను పోలేదు. పోయి ఉంటే ఆ పదకొండో నిబంధన ఒక్క రోజులో మారిపోయేది.

నిషేధం ఉన్న మూడేళ్ళూ ప్రతి సర్వసభ్య సమావేశానికీ పోయాను. కుప్పానికి బుధవారాలు సెలవు పెట్టి పోయేవాడిని. మొదటిసారి అక్కడి దారం తీసే గదిలోకి అడుగు పెట్టినప్పుడు ఆవిరికి కళ్ళద్దాలు మసకబారి ఏమీ కనిపించలేదు. ఆవిరి పంపడమే నా వృత్తి అయినా, అది చేరే చోట మనిషికి ఎట్లా ఉంటుందో అప్పటిదాకా తెలియదు. ఫ్యాన్ల కోసం ఆమె మేనేజ్‌మెంట్‌తో తొమ్మిది నెలలు కొట్లాడింది. గోడకు ఎక్కడ రంధ్రాలు పెట్టాలో, ఎంత ఆవిరి లాగే ఫ్యాన్లు కావాలో లెక్క రాసిచ్చే పని నాకు చెప్పింది. దానికి పదవి అక్కర్లేదు కదప్పా అంది. నాలుగు ఫ్యాన్లు బిగించారు. ఆ తర్వాతి ఎండాకాలం ఎవరూ పడిపోలేదు.

పాత అధ్యక్షుడు నాతో చాలా కాలం మాట్లాడలేదు. ఒకసారి మదనపల్లె బస్టాండులో ఎదురై, హార్స్లీ హిల్స్ బస్సు పోయిందా అని మాత్రం అడిగాడు. ఇంకా రాలేదన్నా అన్నాను. ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. బస్సు వచ్చేదాకా ఆయన లేచిపోలేదు. దాన్ని నేను చాలా పెద్ద సంగతిగానే దాచుకున్నాను.

మూడేళ్ళు ముగిశాక ఎన్నికలు వచ్చాయి. నేను మళ్ళీ సహాయ కార్యదర్శి పదవికి నామినేషన్ వేశాను. పరిశీలనలో ఒక్క ప్రశ్న కూడా రాలేదు. ఏడాది సభ్యత్వం ఉంది, చేత్తో పని చేస్తున్నాను, నిషేధం గడువు తీరింది. అర్హుడు అని రాసి ఇచ్చారు. నా మీద పోటీకి కుప్పంలో దారం తీసే ఒక అమ్మాయి నిలబడింది. ఇరవై అయిదేళ్ళు కూడా ఉండవు. పుంగనూరులో, మదనపల్లెలో కూడా తిరిగి ఓట్లు అడిగింది. మా మదనపల్లె వాళ్ళయినా నాకు వేస్తారనుకున్నాను.

నలభై మూడు ఓట్ల తేడాతో ఓడిపోయాను. ఆ అమ్మాయి దగ్గరికి పోయి చెయ్యి కలిపాను. నానిపోయిన వేళ్ళు, మెత్తగా, చల్లగా ఉన్నాయి. ఆమె కొంచెం ఇబ్బందిపడుతూ, మీకు బాధ లేదు కదా అని అడిగింది. ఉందమ్మా అన్నాను. ఉంది కూడా. అయినా ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే, ఎవరూ నన్ను ఆపలేదని, నేనూ ఎవరినీ ఆపలేదని, నాలుగు వందల మంది నన్ను చూసి, బేరీజు వేసుకొని, వద్దనుకున్నారని ఒక్కో అడుగుకూ తెలుస్తూ వచ్చింది. యూనియన్‌లో నేను గెలిచిన ఎన్నికలు నాలుగు ఉన్నాయి. వాటిలో దేన్నీ ఎన్నిక అని గట్టిగా చెప్పలేను. ఓడిపోయిన ఆ ఒక్కదాన్ని చెప్పగలను.